రోహిణి ఎండల్లో పెరటి మొక్కలు, పెరటి కోళ్ళు

వేసవి వచ్చిందంటే ఇల్లాలికి ఊపిరి సలపదు. ఒకవైపు ఆవకాయ ముక్కలు కొట్టించుకోవాలి, మరోవైపు వడియాలు పెట్టుకోవాలి. సెలవులకి వచ్చిన పిల్లలతో ఇల్లంతా సందడి. ఈ హడావుడిలో పెరట్లో నాలుగు పెట్టలూ పది మొక్కలూ ఉన్నాయన్న సంగతి మధ్యాహ్నం భోజనాలయ్యాక గానీ గుర్తుకు రాదు. అప్పటికే ఆలస్యం అయిపోతుంది. ఎందుకు ఆలస్యం అంటున్నానో చెప్పాలంటే నా కథే చెప్పాలి. కాస్త సిగ్గుగానే ఉంది, అయినా చెప్తాను.

మాది పల్నాడు. వేసవి వార్తల్లో రెంటచింతల పేరు వినపడగానే "అదుగో మన ఊరివైపే" అనుకుంటూ పెరిగినవాళ్ళం. ఎండ మాకు కొత్త కాదు. కోళ్ళూ కొత్త కాదు. కోడిపందెంతో యుద్ధమే తెచ్చుకున్న గడ్డ మాది! అయినా నాలుగేళ్ళ కిందట రోహిణి కార్తెలో నేను చేసిన పని తల్చుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అప్పుడు నా దగ్గర ఏడు పెట్టలు, ఒక పుంజు ఉండేవి. గుడ్లలో పిల్లలకి ఉంచుకోగా మిగిలినవి వీధిలోవాళ్ళే వచ్చి కొనుక్కుపోయేవారు. ఆ డబ్బులు పోపుల పెట్టె పక్కన చిన్న డబ్బాలో వేసుకునేదాన్ని. పెద్దమ్మాయి ట్యూషన్ ఫీజుకి ఎవర్నీ చెయ్యి చాచి అడగాల్సిన అవసరం లేకుండా ఆ డబ్బానే ఆదుకునేది. ఆరోజు పక్క ఊళ్ళో మా పెద్దాడపడుచు వాళ్ళ బంధువుల పెళ్ళి. పదిన్నరకి ముహూర్తం. వీధి కుక్కల బెడద ఎక్కువగా ఉండడంతో కోళ్ళన్నిటినీ రేకుల గూట్లోకి తోలి, గిన్నెడు నీళ్ళు, దోసెడు నూకలు పెట్టి, తలుపు గడియవేసి వెళ్ళాను. గూటికి మూడువైపులా రేకు, ముందువైపు మాత్రం జానెడు జల్లెడ. చేయించినప్పుడు అందరూ "ఎంత గట్టిగా ఉందో" అని మెచ్చుకున్న గూడది.

సాయంత్రం నాలుగింటికి వచ్చి తలుపు తీశాను. పుంజుతో కలిపి ఐదు చచ్చిపడి ఉన్నాయి. మిగిలిన మూడూ రెక్కలు విదిల్చి, నోళ్ళు తెరుచుకుని రొప్పుతున్నాయి. కంగారులో ఫ్రిజ్‌లోంచి చల్లటి నీళ్ళ సీసా తెచ్చి వాటి నెత్తిన గుమ్మరించాను. వాటిల్లో ఒకటి నా చేతుల్లోనే మెడ వాల్చేసింది. నీళ్ళ గిన్నె చూస్తే సగానికి పైగా నీళ్ళు అలాగే ఉన్నాయి. వేలు పెట్టి చూశాను. కాఫీ కలుపుకోవచ్చు, అంత వేడి!

పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా చూసి, "కుక్కలు రాకుండా చూసుకున్నావు గానీ అమ్మాయ్, గాలి కూడా రాకుండా చేశావు గదే" అంది. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

ఆ తర్వాత పశువుల డాక్టరు గారిని అడిగాను, పెద్దమ్మని అడిగాను, నాలుగు వేసవులు నేనూ చేసి చూశాను. నాకు అర్థమైంది ఇదీ: మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా మనం చేయగలిగింది చాలా తక్కువ. ఆ నాలుగు గంటలు గట్టెక్కడానికి కావలసినదంతా పొద్దున తొమ్మిదిలోపు చేసిపెట్టుకోవాలి. ఇది కోళ్ళకి ఎంత నిజమో మొక్కలకీ అంతే నిజం. ఇంకో సంగతి, రెండిటినీ వేర్వేరుగా చూసుకుంటే రెట్టింపు చాకిరీ. ఒకదానికొకటి జతచేస్తే సగం పని అవే చేసుకుంటాయి.

కోడికి చెమట పట్టదు

మనకి ఎండ తగిలితే చెమట పడుతుంది, ఆ చెమట ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. కోడికి చెమట గ్రంథులే లేవు. పైగా ఒంటినిండా ఈకల దుప్పటి. మామూలు రోజుల్లోనే దాని ఒంటి వేడి 41 డిగ్రీల పైమాటే. మన జ్వరం థర్మామీటరు లెక్కలో 106 అన్నమాట! చల్లటి రోజుల్లో నెత్తిమీది ఎర్ర తురాయి నుంచి, గొంతు కింద వేలాడే తోలు నుంచి, కాళ్ళ నుంచి ఆ వేడి గాల్లోకి పోతుంది. కానీ చుట్టూ ఉన్న గాలే 41, 42 డిగ్రీలకి చేరితే ఇక వేడి ఎటు పోతుంది? అప్పుడు దానికి మిగిలింది ఒక్కటే, నోరు తెరిచి రొప్పడం. ఆ రొప్పులో లోపలి తడి ఆవిరై కొంత చల్లబడుతుంది.

పెట్టలు రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి, నోరు తెరిచి నిలబడ్డాయంటే "ఇక నావల్ల కావట్లేదు" అని చెబుతున్నట్టే. నడవకుండా ఒకచోట కూలబడి, కళ్ళు మూస్తూ, తురాయి పాలిపోయిందంటే ఇంకా ప్రమాదం.

ఇక్కడ కోస్తా ఊళ్ళవాళ్ళు ఒక సంగతి గమనించాలి. మా పల్నాట్లో 44 డిగ్రీలున్నా పొడి గాలి. మచిలీపట్నంలోనో భీమవరంలోనో 37, 38 ఉన్నా ఉక్కపోత. గాల్లో తడి ఎక్కువైతే మన చీర ఎలా ఆరదో కోడి రొప్పులోని తడీ అలాగే ఆరదు. అందుకే అంకె తక్కువగా ఉందని ధీమా పడకండి. అలాంటి ఊళ్ళలో గూట్లో నీళ్ళు చిమ్మడం కన్నా గాలి ఆడేట్టు చూడడం ముఖ్యం. గాలి ఆడని గూట్లో నీళ్ళు చల్లితే అది ఇడ్లీ పాత్రే అవుతుంది. నేను మరుసటి ఏడాది సరిగ్గా ఆ పని చేసి, అత్తయ్య కేకలేస్తే మానుకున్నాను.

వేసవిలో గుడ్డు పెంకు పల్చబడుతుందని చాలామంది అంటారు. అదీ ఈ రొప్పు వల్లే. ఎడతెగకుండా రొప్పితే రక్తంలోంచి బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి, పెంకు తయారయ్యే సరుకుకి కొరత పడుతుంది. పైగా ఎండకి మేత తినదు, సున్నం అందదు. గుడ్డు పెంకుల్ని కడిగి, ఎండబెట్టి, పెనం మీద వేయించి, పొడిలా దంచి విడిగా ఒక చిప్పలో పెట్టండి. కావలసినంత అవే ఏరుకుంటాయి. పెంకుల్ని పెద్ద ముక్కలుగా వెయ్యొద్దు, సొంత గుడ్లు పొడుచుకునే అలవాటు పడుతుంది.

మేత పొద్దున్నే, నీళ్ళు రోజంతా

తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. మనం కూడా రోహిణి కార్తెలో మధ్యాహ్నం పప్పూ వేపుడూ దిట్టంగా తిని పడుకుంటే ఒళ్ళు కాలిపోయినట్టుంటుంది కదా! కోడికీ అంతే. అందుకని తెల్లవారుజామున ఐదున్నరకల్లా నూకలు, తవుడు, జొన్నలు ఏవి పెట్టదలుచుకున్నా పెట్టేయండి. తొమ్మిది దాటాక గింజలు చల్లొద్దు. మళ్ళీ సాయంత్రం ఐదున్నర తర్వాత పెట్టండి. మధ్యలో అడిగినట్టు వెంటపడితే తోటకూర కాడలు, బచ్చలాకు, మునగాకు, పుచ్చకాయ తొక్కలు వెయ్యండి. నీటి ముక్కలు కాబట్టి కడుపు చల్లగా ఉంటుంది. వేసవిలో చలవ అని ఉల్లిపాయలు తరిగి పెడుతుంటారు కొందరు. ఎక్కువైతే కోడి రక్తానికి అది మంచిది కాదు. మన కూరకి మిగిలిన నాలుగు ముక్కలైతే ఫర్వాలేదు గానీ రోజూ గుప్పెళ్ళు వద్దు.

నీళ్ళ విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. మామూలు రోజుల్లో ఒక పెట్ట పావు లీటరు దాకా తాగుతుంది. మండువేసవిలో అది రెట్టింపవుతుంది. కానీ నీళ్ళు వేడెక్కితే కోడి తాగదు. నా గిన్నెలో నీళ్ళు మిగిలిపోవడానికి అదే కారణం. స్టీలు గిన్నె, ప్లాస్టిక్ డబ్బా వద్దు. వెడల్పు మట్టి మూకుడు తీసుకుని నీడలో సగం లోతుకి భూమిలో పాతండి. పక్కనే ఇంకోటి. ఎందుకంటే గడుసు పెట్ట ఒకటి కాపలా కాస్తూ మిగతావాటిని దగ్గరకు రానివ్వదు. మా నల్లపెట్ట అలాంటిదే. పదకొండింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి పాత నీళ్ళు మొక్క పాదులో పోసి కొత్తవి నింపండి. ఆ కొత్త నీళ్ళు కుండలోవి కావాలి. మిద్దె మీద ట్యాంకు నీళ్ళు, ఎండలో పడున్న గొట్టంలోని నీళ్ళు మధ్యాహ్నం పూట చెయ్యి పెట్టలేనంత కాలుతుంటాయి. అవి కోడికీ వద్దు, మొక్కకీ వద్దు.

బాగా మండే రోజుల్లో పల్చటి మజ్జిగ ఒక పూట పెట్టవచ్చు. పశువుల మందుల షాపులో ఎలక్ట్రోలైట్ పొడి అని అమ్ముతారు. డాక్టరు చెప్పిన మోతాదులో నీళ్ళల్లో కలపవచ్చు. అయితే మజ్జిగ పెట్టినా, పొడి కలిపినా, పక్కన మంచినీళ్ళ మూకుడు విడిగా ఉండాల్సిందే.

ఎండదెబ్బ తగిలి కోడి తూలిపోతుంటే నాలాగా మంచునీళ్ళు గుమ్మరించకండి. ఆ దెబ్బకి తట్టుకోలేదు. బకెట్లో కుండ నీళ్ళు పోసి, తల పైకి పట్టుకుని, రొమ్ము, కాళ్ళు మునిగేలా ఒకటి రెండు నిమిషాలు ఉంచండి. తర్వాత నీడలో, గాలి తగిలే చోట గంప కింద వదలండి. ముక్కు పక్కన వేలితో నీటి చుక్కలు తాకిస్తే అదే చప్పరిస్తుంది. గొంతులో పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

గంపలో ఉన్న తెలివి

మన అమ్మమ్మలు కోళ్ళని వెదురు గంప కింద మూసేవారు. మనం దాన్ని పాత చింతకాయ పచ్చడిలా చూసి రేకుల గూళ్ళు చేయించుకున్నాం. గంపకి అన్నివైపులా సందులే! గాలి ఎటు నుంచైనా వస్తుంది. రాత్రి కుక్క రాకుండా, పిల్లి రాకుండా గట్టి గూడు కావలసిందే, కాదనను. కానీ పగలు దాన్ని వాడొద్దు. ఉన్న రేకు గూడుకి రెండు ఎదురెదురు వైపుల రేకు తీయించి ఇనుప జాలీ వేయించుకుంటే గాలి ఒకవైపు నుంచి ఇంకోవైపుకి పోతుంది. నేను అదే చేయించాను. పైకప్పు రేకు మీద సున్నం చిక్కగా పూయిస్తే ఎండ చాలావరకు వెనక్కి కొడుతుంది. దానిమీద కొబ్బరి మట్టలో, తాటాకులో మందంగా పరచండి. పడమటి వైపు తడి గోనెపట్టా వేలాడదీయవచ్చు, కానీ గాలి దారి మూసెయ్యకుండా సగమే కట్టాలి. ఒక్క హెచ్చరిక: ఎండిన తాటాకులు నిప్పురవ్వకి భగ్గుమంటాయి. వేసవిలో పెరట్లో బయట పొయ్యి వెలిగించే అలవాటుంటే గూడు దానికి దూరంగా ఉండాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, పందిరి ఒక ఎత్తు. సంక్రాంతి వెళ్ళాక, అంటే జనవరి ఆఖర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో గూటికి పడమటి పక్కన సొర గింజలో, బీర గింజలో నాలుగు పెట్టండి. పక్కన ఒక బచ్చలి తీగ. వెదురు బొంగులతో గూటి పైకి, ఇంకో నాలుగడుగులు ముందుకి పందిరి వెయ్యండి. ఏప్రిల్ వచ్చేసరికి పైన ఆకుల కప్పు సిద్ధం. రేకు నీడకీ ఆకు నీడకీ తేడా ఏమిటంటే, రేకు తాను కాలి కిందికి వేడి వదులుతుంది. ఆకు తన వేరు పీల్చిన నీటిని ఆవిరిగా వదులుతూ చుట్టుపక్కల గాలిని చల్లబరుస్తుంది. పాదులో పోసిన నీళ్ళకి కింద మట్టి తడిగా ఉంటుంది. మధ్యాహ్నం చూడండి, పెట్టలన్నీ ఆ తడి మట్టిని కాళ్ళతో గీరి, గుంట చేసుకుని, పొట్ట ఆనించి పడుకుంటాయి. వాటికి ఎవరు నేర్పారో! మనం గచ్చు మీద చాప కూడా వేసుకోకుండా పడుకున్నట్టే.

ఆ గీరుడుకి పాదు వేర్లు బయటపడకుండా మొదలు చుట్టూ నాలుగు ఇటుకలు పేర్చి, రేగుకంప అడ్డం పెట్టుకోవాలి. ఇది మర్చిపోతే సొరకాయ ఉండదు, నీడా ఉండదు.

ఇప్పటికే మే వచ్చేసింది, పందిరి లేదు అనుకునేవాళ్ళు మూలనున్న పాత నూలు చీరలు తీయండి. నైలాను చీరలు వద్దు. రెండు పొరలుగా గూటికి మూడు నాలుగడుగుల ఎత్తున కట్టండి. వేపచెట్టు గానీ మామిడి చెట్టు గానీ ఉన్న ఇల్లాలు అదృష్టవంతురాలు, ఆవిడకి ఈ తంటాలేవీ అక్కర్లేదు.

మొక్కకి దాహమా, వడదెబ్బా?

మా పిన్నికి మొక్కలంటే ప్రాణం. మధ్యాహ్నం రెండింటికి వంగ మొక్క ఆకులు వేలాడేస్తే చూడలేక చెంబుతో నీళ్ళు పోస్తుంది. సాయంత్రం మళ్ళీ పోస్తుంది. పది రోజుల్లో మొక్క వేరు కుళ్ళి పోయింది. ఎండ వేళ ఆకు వాలడం మొక్క చేసుకునే ఏర్పాటు. వేరు అందించే నీటి కన్నా ఆకు వదిలే నీరు ఎక్కువైతే అది ముడుచుకుంటుంది. సాయంత్రం ఆరింటికి చూడండి. ఆకు లేచి నిలబడితే దానికి దాహం లేనట్టే. తెల్లవారి కూడా వాడిపోయి ఉంటే నిజంగా దాహం. అనుమానముంటే పాదులో రెండు కణుపుల లోతు వేలు గుచ్చి చూడండి. తడి తగిలితే ఆగండి.

నీళ్ళు పోసే వేళ పొద్దున ఏడులోపు. అది కుదరకపోతే పొద్దుగుంకాక. రోజూ పైపైన చిలకరిస్తే వేర్లు పైకే వచ్చి ఎండకి మాడతాయి. రెండు మూడు రోజులకోసారి అయినా నిండుగా, లోతుకి ఇంకేట్టు పోస్తే వేరు కిందికి దిగుతుంది. ఆకుకూర మడికి మాత్రం రోజూ కావాలి, దాని వేర్లు పైనే ఉంటాయి కాబట్టి.

నీటి కరువున్న ఇళ్ళకి మట్టి కుండ పద్ధతి చెబుతాను. పూత పూయని మామూలు కుండ, ఐదారు లీటర్లు పట్టేది, మెడ దాకా భూమిలో పాతి నీళ్ళు నింపి మూకుడు మూత పెట్టండి. చుట్టూ దోస, బీర, బెండ గింజలు పెట్టండి. కుండ చెమర్చినట్టు నీరు కొద్దికొద్దిగా వేర్లకి చేరుతుంది. రెండు మూడు రోజులకోసారి నింపితే చాలు. చైనాలో రెండు వేల ఏళ్ళ కిందటి వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి రాసి ఉంది. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు అన్నీ పాదుల్లోకే పోవాలి. ఉప్పు వేసి ఉడికించినవి మాత్రం వద్దు. సబ్బు నీళ్ళు ఆకుకూరలకి అసలే వద్దు.

మొక్క మొదట్లో రెండంగుళాల మందాన ఎండుటాకులు, వరిగడ్డి, వేరుశనగ పొట్టు, కొబ్బరి పీచు ఏది దొరికితే అది కప్పండి. కాండానికి మాత్రం కాస్త ఎడంగా ఉంచండి. మట్టి ఎండకి కాలదు, తడి ఆరదు. ఎండుగడ్డి వేస్తే చెదలు పడతాయని భయపడతారు. సాయంత్రం ఒక అరగంట కోళ్ళని వదలండి, చెదపురుగులూ వేరు పురుగులూ వాటికి పండగ భోజనం. తర్వాత చిందరవందర చేసిన గడ్డి సర్దుకోవడం మన వంతు!

కోడి పెంట బలమైన ఎరువే. కానీ పచ్చిది వేసవిలో వెయ్యడమంటే మొక్కకి నిప్పు పెట్టడమే. గూట్లో తవుడులాంటి రంపపు పొట్టు గానీ వరి ఊక గానీ పరిచి, ఊడ్చినదంతా ఎండుటాకులతో పొరలు పొరలుగా గుంటలో వేసి, అప్పుడప్పుడు తడిపి రెండు మూడు నెలలు మాగనివ్వండి. ఇప్పుడు వేసింది తొలకరి మొక్కలకి అందుతుంది.

టమాటాల గురించి చాలామంది బాధపడతారు: "పూత పూస్తుంది, రాలిపోతుంది." పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా సెగ తగ్గకపోతే పుప్పొడి పనిచేయదు, పిందె నిలవదు. ఎరువు వేసినా, మందు కొట్టినా డబ్బు దండగ. ఆ నీళ్ళేవో బెండకి, గోరుచిక్కుడుకి, తోటకూరకి, గోంగూరకి, బచ్చలికి పోయండి. ఎండని తట్టుకుని కూరకి అక్కరకొచ్చేవి అవే. కొత్తిమీరా మెంతికూరా కావాలంటే సగం ఎండ ఆపే పచ్చ వల కింద, లేదా కొబ్బరి చెట్టు నీడన మాత్రమే ప్రయత్నించండి.

గులాబీలను ఇప్పుడు కత్తిరించొద్దు, లేత చిగుళ్ళు మాడిపోతాయి. మల్లెకి మాత్రం నీడ కట్టకండి సుమా! దానికి ఎండే కావాలి. శీతకాలంలో కొమ్మలు కత్తిరించి ఉంటే ఇప్పుడు సాయంత్రాలు జడనిండా పూలు. ఎంత ఎండని తిట్టుకున్నా ఆ ఒక్క సంగతికి క్షమించేస్తాను నేను.

డాబా మీద కుండీల్లో పెంచుకునేవాళ్ళకి కష్టం ఇంకా ఎక్కువ. నల్ల ప్లాస్టిక్ సంచులూ బకెట్లూ పక్కల నుంచి కాలిపోయి వేర్లు ఉడుకుతాయి. వాటి చుట్టూ గోనెపట్టా చుట్టండి. గచ్చు మీద నేరుగా పెట్టకుండా ఇటుకల మీద పెట్టండి. విడివిడిగా కాకుండా దగ్గర దగ్గరగా గుంపుగా చేర్చి, పెద్ద కుండీలు పడమటి వైపు, చిన్నవి వాటి చాటున ఉంచండి.

గుడ్లు, జబ్బులు

వేసవిలో గుడ్డు గూట్లో మధ్యాహ్నం దాకా ఉంటే పాడవుతుంది. పుంజు ఉన్న మందలో అయితే మరీ. పెట్ట పొదగకపోయినా గది వేడికే లోపల పిల్ల రూపం కట్టడం మొదలై, పగలగొడితే నెత్తుటి గీత కనిపిస్తుంది. రోజుకి రెండు మూడుసార్లు గుడ్లు తీసుకోండి. ఫ్రిజ్ లేకపోతే వెడల్పు బేసిన్లో ఇసుక పోసి తడిపి, అందులో కుండ కుదురుగా పెట్టి, గుడ్లు కుండలో ఉంచి పల్చటి గుడ్డ కప్పండి. ఇసుక ఆరకుండా చూసుకుంటే చాలు. అమ్ముకునేవాళ్ళు మే నెలలో పుంజుని వేరుగా ఉంచితే గుడ్లు ఇంకా నిలవ ఉంటాయి. పొదిగించడం కూడా ఈ నెలలో వద్దు. పెట్ట ఇరవై ఒక్క రోజులు కదలకుండా కూర్చోవాలి, ఈ ఎండలో అది దానికే గండం.

ఇంకో మాట. రొప్పే కోడల్లా ఎండదెబ్బ తిన్నది కాదు. కొక్కెర తెగులు కూడా వేసవిలో ఊళ్ళని ఊడ్చుకుపోతుంది. తేడా ఇలా కనిపెట్టండి: ఎండ రొప్పు మధ్యాహ్నం అన్నిటికీ ఉంటుంది, చల్లబడ్డాక తగ్గిపోతుంది. తెల్లవారుజామున చల్లటి వేళ కూడా రొప్పుతూ, ఆకుపచ్చగా తెల్లగా విరేచనాలవుతూ, మెడ మెలితిరుగుతుంటే అది తెగులు. వెంటనే దాన్ని వేరుచేసి పశువుల ఆసుపత్రికి కబురు పెట్టండి. వచ్చాక వైద్యం లేదు, ముందే టీకా వేయించాలి. పిల్లలకి మొదటి వారంలో లసోటా చుక్కలు, రెండు నెలల వయసులో ఇంకో టీకా. అదీ ఎండలు ముదరకముందే, పొద్దున్న చల్లటి వేళ. టీకా మందు ఐస్‌లో పెట్టి తేవాలి. మధ్యాహ్నం సంచిలో వేసుకొచ్చిన టీకా నీళ్ళతో సమానం.

కొత్తగా పిల్లలు కొనేవాళ్ళు ఏ జాతి మంచిదని అడుగుతారు. మన నాటుకోడిని మించి ఎండకి ఆగేది లేదు. ఒళ్ళు చిన్నది, కాళ్ళు పొడుగు, ఈకలు ఒత్తుగా ఉండవు. మెడ మీద ఈకల్లేని కోడిని చూసి పిల్లలు నవ్వుతారు గానీ వేసవిలో అది మహారాణి. గుడ్లు ఎక్కువ కావాలంటే హైదరాబాదు రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ ఉంది. అక్కడిదే వనరాజా కాస్త బరువు కోడి. బరువు పెరిగిన కొద్దీ ఎండకి నీడ, నీళ్ళు ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

మరి మన సంగతి?

2015 మే నెలలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వడగాడ్పులకి రెండు వేలమందికి పైగా పోయారు. కోళ్ళకి రెండింటికి నీళ్ళు మార్చడానికి వెళ్ళే ఇల్లాలు తాను మాత్రం పొద్దుటి నుంచి గ్లాసుడు నీళ్ళు తాగి ఉండదు. పైగా వంటింటి సెగ! తలమీద తడి తువ్వాలు వేసుకుని వెళ్ళండి. గూడు దగ్గరికి వెళ్ళేముందు మీ మజ్జిగ మీరు తాగండి. కళ్ళు తిరిగి, ఒళ్ళు పొడిగా కాలిపోతూ, మాట తడబడుతుంటే అది నీరసం కాదు. నీడకి చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే. ఈ మాట ఇంట్లో మగవాళ్ళకీ, పిల్లలకీ కూడా చెప్పి ఉంచండి.

ఆరోజు మిగిలిన రెండు పెట్టల్లో ఒకటి నల్లపెట్ట. ఇప్పటికీ నీళ్ళ మూకుడు దగ్గర పెత్తనం దానిదే. మొత్తం తొమ్మిదయ్యాయి. ఈ ఏడు సొరతీగ గూడు దాటి గోడెక్కింది, పక్కింటి వైపు రెండు కాయలు దిగాయి. వాటిని పెద్దమ్మకే వదిలేశాను. పెళ్ళికి పోవాల్సొస్తే పగటి పూట గూడు తలుపు మూయను. పెరటి గేటు గడియ పెట్టి, పదకొండింటికీ రెండింటికీ నీళ్ళు మార్చమని ఆవిడకి తాళం ఇచ్చి వెళ్తాను. "సొరకాయకే ఇంత చాకిరీ చేయిస్తావా అమ్మాయ్?" అంటుంది గానీ, నేను వచ్చేసరికి మూకుళ్ళు కడిగి బోర్లించి, గుడ్లు కూడా తీసి పెట్టి ఉంచుతుంది.